పెన్సిలు రాత

పోస్టుమాన్ వచ్చేది పదకొండింటికి. ఒక్కోనాడు పదకొండుంపావూ అవుతుంది. సుభద్ర పదిన్నరకే ఈ హిందీ ఊళ్ళోని రైల్వే క్వార్టర్ల వీధి మొదట్లో ఉన్న కల్వర్టు మీద చేరి, ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఆ బియ్యం నిన్ననే ఏరినవి, వాటిలో రాయన్నది లేదు. కానీ ఊరికే కల్వర్టు మీద కూర్చున్న ఆడదాన్ని ఏమమ్మా ఇక్కడ కూర్చున్నావని పదిమంది అడుగుతారు, చేతిలో చేట ఉంటే ఒక్కరూ అడగరు. యాభై ఏళ్ళు వచ్చేసరికి ఇలాంటి తెలివి దానంతటదే వస్తుంది. ఇక్కణ్ణుంచి మూడో క్వార్టరు నలభై ఒకటి బి. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల జోగయ్య రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు, ఒంటిగంట దాకా లేవడు, లేవకూడదు. సైకిలు మలుపు తిరగ్గానే లేచి, ఆ గడపకు చేరవలసిన ఉత్తరాన్ని ఈ కల్వర్టు దగ్గరే ఆపాలి. ఉత్తరం జోగయ్య భార్య దాలమ్మ పేరున వస్తుంది. దాలమ్మ పోయి ఏడాది దాటి మూడు నెలలైంది.

చచ్చిపోయిన మనిషికి ఉత్తరం రాసేవాళ్ళు ఎవరుంటారు, సర్కారు తప్ప. నిన్న బ్యాంకుకు సుభద్ర వెళ్ళింది వేరే పని మీద. దాలమ్మ పేరూ తన పేరూ కలిపి వేసిన ఇరవై ఆరు వేల డిపాజిట్ వచ్చే మే నెలలో ముగుస్తుంది, జూన్‌లో దాలమ్మ కూతురు గంగాభవాని తిల్దాలో నర్సు ట్రైనింగులో చేరాలి, ఫీజు కట్టే వేళకు డబ్బు చేతికొస్తుందా అని కనుక్కుందామని వెళ్ళింది. ఇన్నాళ్ళూ తమ లెక్క చూసిన భీమారావు గారి కుర్చీలో ఎవరో కొత్తతను కూర్చుని, రిజిస్టరు తిప్పి, మీకు ఉత్తరం రాలేదా మాతాజీ అన్నాడు. ఏం ఉత్తరం? ఢిల్లీలో ఈ ఏడు కొత్త నియమం వచ్చిందట. డిపాజిట్ మీద ఏడాదికి రెండున్నర వేలు దాటి వడ్డీ వస్తే అందులో పన్ను కోసుకోవాలట, వద్దనుకునేవాళ్ళు మాకు అంత ఆదాయం లేదు మహాప్రభో అని ఫారం నింపి సంతకం పెట్టాలట. ఆ సంగతి చెబుతూ, ఎవరి పేరున ఎంత ఉందో, ఎంత వడ్డీ వచ్చిందో అంతా రాసి, బుధవారం అందరి ఇళ్ళకూ పోస్టు చేశామన్నాడు. మంచి కబురు చెప్పినట్టే చెప్పాడు పాపం. సుభద్ర బల్ల మీదికి వంగింది. ఇంటికి కాగితం పంపవద్దని రాసి ఉంది కదా బాబూ అంది. ఎక్కడుంది? అడగ్గా అడగ్గా బీరువాలోంచి పాత కార్డు తీసి చూశాడు. ఉంది. పసుపు పచ్చ కార్డు మీద ఎడమవైపు మూల, భీమారావు గారి వాలు రాతలో, పెన్సిలుతో, డాక్ న భేజేఁ అని. ఉత్తరాలు పంపవద్దు. చెరిగిపోలేదు, మాసిపోలేదు. కానీ ఉత్తరాల జాబితా కొత్త రిజిస్టరులోంచి తీశారట, అందులోకి ఇంకుతో రాసినవే ఎక్కించారట. అతను చెడ్డవాడేమీ కాదు, చూసి నిజంగానే నొచ్చుకున్నాడు. పెన్సిల్ కా కోయీ మోల్ నహీఁ, మాతాజీ, అన్నాడు. పెన్సిలు రాతకు విలువ లేదు. నిన్నటి నుంచీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

విలువ లేదని ఇతనంటున్నాడు, ఆ పెన్సిలు మీదే కదా పదిహేడేళ్ళు నడిచింది. డెబ్భై నాలుగో ఏడు అనుకుంటా, గంగాభవాని కడుపులో ఉంది అప్పటికి. దాలమ్మ బ్యాంకు మెట్ల దగ్గర చెప్పులు విడిచేసింది. గుడి కాదే, వేసుకురా అంటే, నాకు బయమేస్తంది అప్పా, లోపలందరూ మడిగా ఉన్నారు అంది. చెంగున ముడి విప్పి నోట్లు బల్ల మీద పెడితే పక్క క్లర్కు ముక్కు చిట్లించాడు, పేడ వాసన. బొబ్బిలి వైపు మనిషి భీమారావు గారు మాత్రం చెవి మీది పెన్సిలు తీసి ఆ నోట్లను ఒక్కొక్కటే సాపు చేస్తూ, లక్ష్మి ఉండేది పేడలోనే కదమ్మా, ఈ బ్యాంకుకు ఇన్నాళ్ళకు అసలు లక్ష్మి వచ్చింది అన్నారు. దాలమ్మ సిగ్గుపడి సుభద్ర వెనక్కి జరిగింది. అడ్రసు అడిగేసరికి ఆ సిగ్గు కాస్తా భయమైపోయింది. తన అడ్రసంటే వర్కుషాపు కూలీలుండే ఖలాసీ లైన్లలోని ఆ మట్టి గది, ఆ గదిలో జోగయ్య. అప్పుడు సుభద్రే, నా అడ్రసు రాయండి, నలభై ఒకటి బి అంది, ఆ రోజుల్లో ఆ క్వార్టరు తమదే. దాని మీద ఆయన ఇంకో తాళం వేశారు, మూలన పెన్సిలుతో ఆ మూడు ముక్కలూ రాసి. ఈ లెక్క నీకూ నాకూ ఈ కార్డుకూ తప్ప మరో కంటికి తెలియదమ్మా, నిశ్చింతగా వెళ్ళు, అన్నారు. ఖాతా మారి కొత్త కార్డు వచ్చినప్పుడల్లా మళ్ళీ రాసేవారు, ఎనభై ఏడులో ఈ డిపాజిట్ వేసినప్పుడూ అడక్కుండానే రాశారు. ఆయనకు ఎవరు చెప్పారు అలా రాయమని? ఏ రూల్లో ఉంది? మనిషి మొహం చూసి రాశారు, అంతే. రాసినాయన రిటైరై విజయనగరం వెళ్ళిపోయారు, ఆ మొహం చితిలో కాలిపోయింది, కార్డు మిగిలింది.

పేడ డబ్బు అంటే నవ్వేవాళ్ళకేం తెలుసు. దాలమ్మకు రెండు గేదెలు, వర్కుషాపు వెనక గోడవతల పాక. పాల డబ్బు ఒకటో తారీఖున జోగయ్యే ఇంటింటికీ తిరిగి పైసాతో సహా వసూలు చేసుకునేవాడు, చారు గిన్నెలో పోపుకు కూడా మిగల్చకుండా. పేడ జోలికి మాత్రం వచ్చేవాడు కాదు. పెళ్ళాం పిడకలమ్మిన డబ్బు లెక్కపెట్టుకునే గతి నాకు పట్టలేదని మీసం మీద చెయ్యేసుకునేవాడు. ఆ పౌరుషమే దాలమ్మకు బీరువా అయింది. పొద్దున్నే నాలుగింటికి లేచి, ఊక కలిపి తొక్కి, వర్కుషాపు గోడ పొడుగునా పిడకలు కొట్టేది. ఇక్కడివాళ్ళు ఛేనాలంటారు. ఎండినవి తట్టకెత్తుకుని తెలీబంధా చెరువు దాకా నడిచి వెళ్ళి మిఠాయి కొట్లకూ టీ బడ్డీలకూ వేసి వచ్చేది. పదమూడేళ్ళు అలా కూడబెట్టిందే వడ్డీతో కలిసి ఇరవై ఆరు వేలైంది. సర్కారుకు ఇవాళ అది ఆదాయంగా కనపడింది. గోడ మీద ఆ అయిదు వేళ్ళ అచ్చులు ఉన్నన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు. ఇప్పుడా గోడకు తెల్ల సున్నం వేసేశారు, అటు వెళ్ళాలంటే సుభద్రకు మనసొప్పదు.

బియ్యం. ఎక్కడి దాకా ఏరింది? మళ్ళీ మొదటికొచ్చింది. మలుపులో సైకిలు కనపడితే లేవబోయింది, తీరా అది గ్యాసు బండల అతనిది. పదీ యాభై అయి ఉంటుంది. జోగయ్య గాని ఈలోగా లేస్తే, నీళ్ళ కోసమో బీడీ కోసమో తలుపు తీస్తే, పోస్టుమాన్ నేరుగా అతని చేతిలోనే పెడతాడు. అతను చదువుకున్నవాడు కాదు గాని డబ్బు అంకె చదవడం రానివాడు ఎవడుంటాడు. ఆ అంకె అతని కంట్లో పడితే సోమవారానికల్లా సట్టా జూదంలోకి పోతుంది, లేదా వర్కుషాపు గేటు దగ్గర వడ్డీలకిచ్చే బంగారయ్య సంచిలోకి పోతుంది. గంగాభవాని తిల్దా రైలెక్కదు. ఆ పిల్ల ఇంకో తట్ట ఎత్తుకుంటుంది. ఇంతే కదా, ఇంతకంటే ఏముంది ఇందులో. ఒక్క కాగితం ఒక్క గడప దాటకుండా ఉంటే చాలు.

జోగయ్య రాక్షసుడైతే బాగుండేది, తిట్టుకుని ఊరుకునేది. కాదే. ఎవరికి జ్వరమొచ్చినా భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసేవాడు, పెళ్ళి పందిరికి గుంజలు పాతేవాడు అతనే. చేతిలో రూపాయి ఉంటేనే మనిషి మనిషి కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఎనభై మూడు దసరాకు బోనస్ వస్తే మూడు వందలూ తెచ్చి సుభద్ర చేతిలో పెట్టాడు. ఒదినా, నీ కాడుంచు, నేనడిగినా ఇయ్యకు, అన్నాడు. మూడో నాడు సాయంత్రం అతనే వచ్చి గేటు పట్టుకుని కూర్చున్నాడు. అరవలేదు, తిట్టలేదు, పసిపిల్లాడిలా ఏడ్చాడు. వీధిలో జనం చూస్తున్నారు. మల్లేశ్వరరావు గారు, అంటే సుభద్ర మొగుడు, వాడి డబ్బు వాడికి ఇచ్చెయ్యక మనకెందుకే ఈ తద్దినం అన్నాడు. ఇచ్చేసింది. తెల్లారేసరికి ఒక్క పైసా లేదు. దాలమ్మ నెల రోజులు సుభద్రతో మాట్లాడలేదు, నెల తరవాత వచ్చి పాలచెంబు గట్టు మీద పెడుతూ, మగోడేడిస్తే నీకంత జాలేటప్పా, నేనేడిస్తే నా డబ్బు నాకిత్తావా మరి, అంది. అడగడం ఆ ఒక్కసారే. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ముద్ద దిగదు.

ఆ తరవాత చేసిన తప్పు ఇంకా పెద్దది, అదీ మంచికని చేసిందే. ఎనభై తొమ్మిదిలో మల్లేశ్వరరావుకు హెడ్ క్లర్కు ప్రమోషనొచ్చి, ఎదురు వీధిలో పెద్ద క్వార్టరు ఇచ్చారు. ఖాళీ అయ్యే నలభై ఒకటి బి ఎవరికో ఎందుకు పోవాలి, దొడ్లో కుళాయి ఉంది, గేదెలకు చోటుంది, దాలమ్మకిస్తే ఎంత సుఖం. మొగుడి ప్రాణం తీసి, యూనియన్ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, జోగయ్యకు రాయించింది. రైల్వే వాళ్ళకు ఇల్లంటే నంబరే, ఇవాళ మనం, రేపు ఇంకొకరు. సామాను మోస్తుంటే, నీ ఇల్లు నాకొచ్చీసింది అప్పా అని దాలమ్మ మురిసిపోయింది. బ్యాంకు కార్డు మీద అదే నంబరు ఉందని ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తు రాలేదు. ఎలా వస్తుంది, పదిహేనేళ్ళలో ఆ అడ్రసుకు ఒక్క కాగితం వచ్చిన పాపాన పోతే కదా. పెన్సిలు గుర్తు అంత బాగా కాపలా కాసింది, ఆఖరికి అడ్రసన్నది ఒకటుందనే మరిచిపోయారు. ఎవరి కళ్ళు కప్పాలని ఆ నంబరు రాయించిందో ఆ మనిషినే తీసుకొచ్చి ఆ నంబరులో కూర్చోబెట్టింది తన చేతులతో. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

రాత్రి అన్నం దగ్గర మొగుడికి చెప్పేద్దామనుకుంది. నోటిదాకా వచ్చింది. అంతలో ఆయనే పేపరు మడుస్తూ ఈ కొత్త పన్ను సంగతి ఎత్తాడు. దాచుకునేవాడికే భయం గాని మనకేమిటే, నా జీతం ఎంతో ఆఫీసంతటికీ తెలుసు, బోర్డు మీద అంటిస్తారు కూడా, తెలిస్తే అరిగిపోతుందా అన్నాడు. నిజమే, ఆయన జీతం అరిగిపోదు. మగవాళ్ళ డబ్బుకు చీటీలుంటాయి, రశీదులుంటాయి, ఫలానావాడి సంపాదన అని పదిమంది ఒప్పుకుంటారు. ఆడదాని డబ్బుకు గుట్టే రశీదు. సుభద్ర తల్లి పలాసలో చింతపండు కుండ అడుగున దాచిన అర్ధరూపాయలు, తండ్రికి తెలియక ఉన్నన్నాళ్ళే తల్లివి, తెలిసిన పూట తండ్రివి. తల్లి దొంగా మరి? దాలమ్మ దొంగా? ఎగ్గొట్టేవాళ్ళను పట్టుకోవడానికి వల వేశారట, వెయ్యండి, వద్దన్నదెవరు. ఆ వలలో ఈ పిడకల తట్ట పడుతుందని అంత పెద్దవాళ్ళలో ఒక్కరికైనా తోచలేదా. ఇంటి ఆసామికి తెలియకూడని సొమ్ములు కూడా లోకంలో ఉంటాయని ఆ రూలు రాసినవాడి తల్లి అయినా చెప్పలేదా. ఇవన్నీ ఆయనతో అనలేదు. మజ్జిగ పోసి ఊరుకుంది. అంటే ఆయన తప్పక సాయం చేద్దామనే చూస్తాడు, రూలు ప్రకారం దరఖాస్తు రాద్దామంటాడు, జోగయ్యను పిలిచి విషయం వివరిద్దామంటాడు. ఆయన మంచితనంతో వచ్చిన చిక్కే అది.

పోనీ దాలమ్మ పోగానే డబ్బు తీసేసి ఉంటే? ఎలా తీస్తుంది. గడువు లోపల విరగ్గొట్టాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి, ఒకరు లేకపోతే ఆ లేనట్టు కాగితం కావాలి. మున్సిపాలిటీ ఇచ్చిన ఆ మరణ పత్రం జోగయ్య రేకుపెట్టెలో ఉంది. ఏమని అడుగుతుంది? గడువయ్యాక తన ఒక్క సంతకం చాలని భీమారావు గారు ముందే చెప్పి ఉన్నారు, అందుకే నోరు కుట్టుకుని కూర్చుంది. బ్యాంకు లెక్కలో దాలమ్మ ఇంకా బతికే ఉంది. ఒక్కోసారి సుభద్రకు అదే బాగుండేది. ఎక్కడో ఒకచోట, ఒక పసుపు పచ్చ కార్డు మీద, తను నేర్పిన మూడక్షరాల తెలుగు సంతకంతో దాలమ్మ చావకుండా ఉంది. రైల్వే ఆసుపత్రిలో ఆఖరి వారం కళ్ళు పసుపు ముద్దలైపోయి, పొట్ట ఉబ్బి, మాట పోతూ వస్తూ ఉన్నప్పుడు కూడా ఆ డబ్బు సంగతి నోట రాలేదు. పక్కన జోగయ్య పాదాలు ఒత్తుతూ కూర్చున్నాడు మరి. అతను మందులకని బయటకెళ్ళిన ఆ రెండు నిమిషాలకోసం దాచిపెట్టుకుంది మాటల్ని. మా గంగాభవాని గుంటని సదివించప్పా. ఆడికి తెల్నీకు. తెలిస్తే ఆడూ బాగుపడడు, గుంటా బాగుపడదు. ఇంతే. జోగయ్య తిరిగొచ్చి ఏటంటంది ఒదినా అంటే, మంచినీళ్ళు అడిగింది అని అబద్ధం చెప్పింది. అతను నిజమనుకుని చెంచాతో నీళ్ళు పట్టాడు, దాలమ్మ దాహం లేకపోయినా తాగింది. 

బెల్లు మోగింది. మలుపులో ఖాకీ చొక్కా. సుభద్ర చేట కల్వర్టు మీద పెట్టి లేచింది, కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఇంటింటా దిగుతూ, కార్డులు పడేస్తూ, నీళ్ళు తాగి కబుర్లు చెబుతూ అతను దగ్గరికొచ్చేసరికి ఎంతసేపు పట్టిందో. నలభై ఒకటి బికి ఏమైనా ఉందా భయ్యా, నాకివ్వు, వాళ్ళు నిద్రలో ఉన్నారంది. సంచి తిరగేసి, ఏమీ లేదన్నాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. బ్యాంకు కాగితం రావలసి ఉంది, సోమవారం వస్తే నా దగ్గరికే తీసుకురా అంది. అతను ఓహో అన్నట్టు తలాడించాడు. దాలమ్మా కే నామ్? వో తో పర్సోం హీ దే దియా, అన్నాడు. మొన్ననే ఇచ్చేశాడట. జోగయ్య చేతికే ఇచ్చాడట, ఎవరి పేరున అని అడిగితే పేరు చదివి కూడా చెప్పాడట. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. చేటలో బియ్యం పిచ్చుకలు తింటున్నాయి. వాటిని తోలాలనిపించలేదు.

తిరిగి చూస్తే నలభై ఒకటి బి తలుపు తీసి ఉంది. లుంగీ మీద తువ్వాలు కప్పుకుని జోగయ్య వస్తున్నాడు, నిద్రపోయిన మొహం కాదు, తాగిన మొహమూ కాదు. కల్వర్టు రెండో చివర కూర్చున్నాడు. నడుము దగ్గర్నుంచి కవరు తీశాడు, చించిన చోట నీటుగా మడిచి ఉంది. ఈ వీధిలో పాతికేళ్ళుగా ఎవరికి ఉత్తరమొచ్చినా చదివి పెట్టేది సుభద్రే. అతను అదే మాట అన్నాడు.

"సదువొదినా."

ఆమె విప్పింది. ఇంగ్లీషు ఒక వైపు, హిందీ ఒక వైపు, మధ్యలో అంకెలు. దాలమ్మ పేరు కింద తన పేరు. చదువుతున్నట్టు పెదవులు కదిపి, ఏమీ లేదు జోగయ్యా, ఎప్పుడో తను ఖాతా తెరిచిందట, అందులో డబ్బులేమీ లేవు కాబట్టి మూసేశామని రాశారంది.  అతను తల వంచుకుని అంతా విన్నాడు.

"టైంకీపరు సదివినాడు. స్టోరు బాబు సదివినాడు. ఇద్దరూ ఇరవయ్యారు వేలనే అన్నారొదినా."

ఆమె కాగితం మడిచింది. అతను, పేడేనా అని అడిగాడు. తలూపింది. గుంట కోసమేనా అన్నాడు. దానికీ తలూపింది. గోడంట పిడకలు కొడతా ఉంటే నవ్వీవోణ్ణి, అని గొణుక్కున్నాడు. మొన్నటి నుంచీ ఆ కవరు తలకింద పెట్టుకునే పడుకుంటున్నాడట. పోస్టుమాన్ దాలమ్మా అని పిలిస్తే ఇంట్లోంచి ఊఁ అని పలుకుతుందేమోనని ఒక్క క్షణం లోపలికి చూశాడట. ఆ తరవాత సంగతులు మామూలుగానే చెప్పాడు. బంగారయ్యకు తెలిసిపోయిందట. నిన్న గేటు దగ్గర అడ్డం నిలబడి, పెళ్ళాం వేలకు వేలు దాచిందట కదా, ఇంకేం, నా బాకీ తీర్చమన్నాడట. సట్టా రాసేవాడు పిలిచి కుర్చీ వేశాడట. కుండ మూతికి మూకుడుంది, ఊరి మూతికి ఏది. 

"నాకు తెలిస్తే ఉంచనొదినా. అది నీకూ తెలుసు, దానికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ సర్కారోడికొక్కడికే తెలీనేదు. తెలీకుండా ఉంటే నేను మంచోణ్ణే అయిపోదును."

తువ్వాలు కొంగులోంచి నాలుగు మడతల కాగితం తీసి చేటలో బియ్యం మీద పెట్టాడు. విప్పకుండానే అదేమిటో ఆమెకు తెలిసింది. మున్సిపాలిటీ ముద్ర వెనకవైపుకు కూడా దిగి కనపడుతోంది. ఇది లేకపోతే డిపాజిట్ విరగదని టైంకీపరే చెప్పాడట. పద, ఇయాలే ఇరిచీసి, గుంట పేరన నాకు తెలీని సోట ఏసీయ్, ఏ బ్యాంకో నాతో సెప్పకు, పొద్దోయే దాకా మంచోడిగానే ఉంటాను, తరవాత సంగతి సెప్పనేను, అన్నాడు. ఏడాది పైగా ఏ కాగితం అడగడానికి నోరు రాక కూర్చుందో ఆ కాగితమే నడుచుకుంటూ వచ్చి ఒళ్ళో పడింది. సుభద్ర ఒక్క ఉదుటున లేచింది, చీర మార్చుకోవక్కర్లేదు, రిక్షాకు పావుగంట, సంతకం పెడితే అయిపోతుంది, రశీదు ఇంట్లో ట్రంకులో ఉంది. అప్పుడు వర్కుషాపు సైరను మోగింది.

పన్నెండు. ఇవాళ శనివారం. శనివారం బ్యాంకు పన్నెండింటికి మూసేస్తారు.

సైరను ఆగింది. సోమవారం జోగయ్యా, పదింటికల్లా వెళతాను, అంది. అతను వేళ్ళు మడిచి చూసుకున్నాడు, ఇవాళా రేపూ. రెండు పొద్దులా, అన్నాడు మెల్లిగా. ఎవరో చాలా దూరం నడవమన్నట్టు ఉంది ఆ మొహం. కాగితం తిరిగి తీసుకుంటాడనుకుంది. తీసుకోలేదు. దాన్ని బియ్యంలోకి ఇంకా లోపలికి తోసి పైన గింజలు కప్పాడు.

"నీ కాడే ఉంచు. నేనడిగినా ఇయ్యకు."

ఎనిమిదేళ్ళ కిందటి దసరా ఇద్దరికీ గుర్తొచ్చింది. అతను తలెత్తకుండా లేచి వెళ్ళిపోయాడు.

సుభద్ర ఆ మధ్యాహ్నం గంగాభవానిని బడి నుంచి రాగానే తన ఇంటికే తీసుకొచ్చేసింది. ఇవాళా రేపూ ఇక్కడే పడుకో అంటే ఆ పిల్ల ఎందుకని అడగలేదు, పుస్తకాల సంచి మూలన పెట్టి వంటింట్లో కూర్చుంది. మల్లేశ్వరరావు ఆఫీసు నుంచి వచ్చాక మొదటి నుంచీ అంతా చెప్పింది. ఆయన రూలు ఎత్తలేదు, దరఖాస్తు అనలేదు. కాసేపు పిల్ల వైపు చూసి, పట్టపగలు ఎన్నడూ వెయ్యని వీధి తలుపు గడియ లేచి వెళ్ళి వేసి వచ్చాడు. మరణ పత్రం డిపాజిట్ రశీదుతో కలిపి సుభద్ర జాకెట్టులో ఉంది. ఎండ వాలింది. అయిదున్నరకు దీపం పెట్టింది. ఆరు దాటాక గేటు చప్పుడైంది.

"ఒదినా" అన్నాడు. సారా వాసన తలుపు సందుల్లోంచి లోపలికొచ్చింది. సుభద్ర లేచి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి నిలబడింది, తీయడానికి కాదు. వెనక వంటింట్లో గంగాభవాని కదలకుండా కూర్చుని ఉంది. బయట అతను గేటు పట్టుకుని కూర్చున్నట్టున్నాడు, ఇనుప చువ్వలు గలగలమంటున్నాయి, ఏడుస్తున్నాడు, అప్పటిలాగే. ఆ కాగితమిచ్చీ ఒదినా, అది నా పెళ్ళాం కాగితం, నా పెళ్ళాం డబ్బు, ఇచ్చీ, నీ కాళ్ళు పట్టుకుంటాను ఇచ్చీ, అంటున్నాడు. వీధిలో తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. సుభద్ర కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు, చెయ్యి గడియ మీంచి తీయలేదు. చాలాసేపు అయ్యాక ఏడుపు ఆగింది. వెళ్ళిపోయాడేమో అనుకుంది. లేదు, మెట్టెక్కి తలుపుకు దగ్గరగా వచ్చాడు. లోపలున్న కూతురికి వినపడకూడదన్నట్టు గొంతు బాగా దించి, "ఇయ్యకు" అన్నాడు.